మా సార్ హెచ్-ఇండెక్స్ మూడు

ఈ ఎపిసోడ్ ఒక కోడింగ్ ప్రశ్నతో మొదలవుతుంది. కోడింగ్ రానివాళ్లు కంగారుపడి వెళ్లిపోకండి, రెండు నిమిషాల్లో అందులోంచి బయటపడతాం.

ఉద్యోగం కోసం తిరిగే రోజుల్లో అందరిలాగే నేనూ పొద్దస్తమానం లీట్‌కోడ్ చేసేవాణ్ణి. అందులో 274వ ప్రశ్న పేరు హెచ్-ఇండెక్స్. ఒక రిసెర్చర్ రాసిన పేపర్లలో ఒక్కోదానికీ ఎన్ని సైటేషన్లు వచ్చాయో లిస్టు ఇస్తారు. దాన్నుంచి ఒక నెంబరు తియ్యాలి. సార్ట్ చేస్తే నాలుగైదు లైన్ల పని. చేశాను, యాక్సెప్టెడ్ అని వచ్చింది, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను. ఈ నెంబరు మీద మనుషుల ఉద్యోగాలు ఆధారపడతాయని నాకు అప్పుడు తట్టలేదు.

పోయిన నెల మా ఓఎస్ సార్ ఫోన్ చేశారు. బీటెక్ మూడో ఏడాదిలో మాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పారాయన. ఇప్పుడు నేను వీడియోలు చేస్తున్నాను గానీ, అంతకుముందు నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో నెట్టుకొచ్చానంటే ఆయన చెప్పిన పాఠాల పుణ్యమే. ఆ మధ్య ఆయనకి అసోసియేట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూ అయింది. లోపలికి వెళ్లగానే కమిటీలో ఒకరు "మీ హెచ్-ఇండెక్స్ ఎంత?" అని అడిగారట. "మూడండీ" అన్నారట. ఆ తర్వాత రెండు మూడు మామూలు ప్రశ్నలు, థాంక్యూ. మొత్తం ఆరు నిమిషాలు. పోస్టు వచ్చినాయన హెచ్-ఇండెక్స్ 14.

"ఒరేయ్, వాళ్లు నెంబరు అడగడం తప్పని నేననను. నా ఫైల్లో పేపర్లున్నాయి, ఒక్కటీ తెరవలేదురా" అన్నారు. కాసేపాగి, "నువ్వు వీడియోలు చేస్తావుగా, ఈ నెంబరు ఎక్కణ్ణుంచి వచ్చిందో కాస్త చెప్పు" అన్నారు.

అదే ఈ ఎపిసోడ్. ముందే ఒక మాట చెప్పాలి. పోస్టు వచ్చినాయన పేపర్లు కూడా నేను తీసి చూశాను, ఏదో గోల్‌మాల్ దొరుకుతుందని ఆశపడి. ఏమీ దొరకలేదు. ఆయన నిజాయితీగా పని చేసుకునే మనిషే. మెషీన్ లెర్నింగ్‌లో రాస్తారు, ఒక్కో పేపర్‌కీ ఏడెనిమిది మంది రచయితలు. మా సార్‌ది ఫైల్ సిస్టమ్స్ పని. ఎక్కువగా ఒక్కరే రాస్తారు, లేదా ఒక స్టూడెంట్‌తో కలిసి. కాబట్టి ఇది మంచివాడు చెడ్డవాడు కథ కాదు. నెంబరు కథ.

సైటేషన్ అంటే తెలుసు కదా. నేనొక పేపర్ రాస్తూ "ఈ సంగతి ఫలానావాళ్లు ముందే చెప్పారు" అని కింద వాళ్ల పేపర్ పేరు పెడితే, వాళ్లకి ఒక సైటేషన్ వచ్చినట్టు. ఇది ఎప్పటినుంచో ఉన్న మర్యాద. దాన్ని లెక్కపెట్టొచ్చు అన్న ఆలోచన మాత్రం యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్‌ది. 1955లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అని ఒక పెద్ద గ్రంథమే బయటికి తెచ్చాడు. ఆయనకి ఈ ఆలోచన లాయర్ల దగ్గర్నుంచి వచ్చింది. అమెరికాలో షెపర్డ్స్ సైటేషన్స్ అని లాయర్లు వాడే పుస్తకం ఉండేది. ఒక పాత తీర్పుని తర్వాతి కోర్టులు ఎక్కడ వాడుకున్నాయి, ఎక్కడ కొట్టేశాయి, అన్నీ అందులో చూసుకోవచ్చు. మన లాయర్లయినా అంతే, కొట్టేసిన తీర్పు పట్టుకుని జడ్జి ముందు నిలబడితే పరువు పోతుంది.

ఇక్కడొక సంగతి గమనించండి. లాయర్ల పుస్తకంలో "వాడుకున్నారు", "కొట్టేశారు" అని తేడా ఉంది. సైన్స్‌లోకి వచ్చి అంకె అయ్యేసరికి ఆ తేడా పోయింది. నా పేపర్‌ని మెచ్చుకుంటూ పేరు పెట్టినా ప్లస్ వన్, ఇదంతా తప్పని తిడుతూ పెట్టినా ప్లస్ వన్. 1998లో లాన్సెట్‌లో ఎంఎంఆర్ టీకాకి, ఆటిజంకి ముడిపెట్టిన పేపర్ ఒకటి వచ్చింది. పన్నెండు మంది పిల్లల మీద రాసింది. 2010లో లాన్సెట్ దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకుంది. అయినా ఆ పేపర్‌కి సైటేషన్లు వందల్లో పడుతూనే వచ్చాయి, చాలావరకు అది ఎందుకు తప్పో చెప్పడానికే. కౌంటర్‌కి అదంతా తెలియదు. పెంచుకుంటూ పోతుంది.

గార్‌ఫీల్డ్ చేసింది వెతుక్కోవడానికి పనికొచ్చే సాధనం. ఒక పేపర్ దొరికితే, దాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ వెళ్లొచ్చు. గూగుల్ స్కాలర్‌లో "సైటెడ్ బై" నొక్కుతామే, అదే. అది అద్భుతమైన పని, నేను రోజూ వాడతాను. మనిషిని తూకం వెయ్యడం తర్వాత వచ్చింది.

హెచ్-ఇండెక్స్ 2005లో వచ్చింది. జార్జ్ హిర్ష్ అని, శాన్ డియెగోలో కాలిఫోర్నియా యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్. ఎలా తియ్యాలో చూద్దాం. ఒకావిడకి ఆరు పేపర్లున్నాయనుకోండి. సైటేషన్లు 50, 20, 8, 5, 4, 2. కనీసం నాలుగేసి సైటేషన్లున్న పేపర్లు నాలుగున్నాయా? ఉన్నాయి. కనీసం ఐదేసి ఉన్నవి ఐదున్నాయా? లేవు, నాలుగే. కాబట్టి హెచ్ నాలుగు. అంతే.

ఇప్పుడు ఆవిడ మొదటి పేపర్‌కి 50 కాదు, 5,000 వచ్చాయనుకోండి. అదొక కొత్త రంగాన్నే తెరిచిందనుకోండి. హెచ్ ఎంత? నాలుగే. ఇంకో మాట. జీవితంలో మూడే పేపర్లు రాస్తే, అవి ప్రపంచాన్ని తలకిందులు చేసినా సరే, హెచ్ మూడు దాటదు. అది తగ్గడం కూడా ఉండదు. మనిషి పని మానేసి ఇంట్లో కూర్చున్నా పెరగొచ్చు గానీ తగ్గదు. కోడ్ రాసినప్పుడు నాకు ఇవేవీ కనిపించలేదు. టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయి కదా, ఇంకేం కావాలి.

హిర్ష్ తన పేపర్‌లోనే కొన్ని గీతలు గీశాడు. అమెరికాలోని పెద్ద యూనివర్సిటీల్లో ఫిజిక్స్ వాళ్లకి, అసోసియేట్ ప్రొఫెసర్‌గా పర్మనెంట్ కావడానికి సుమారు 12, ఫుల్ ప్రొఫెసర్‌కి 18 అని. రంగాన్ని బట్టి ఇది మారుతుందని కూడా అక్కడే రాశాడు. జనం 12, 18 తీసుకున్నారు, మిగతాది వదిలేశారు.

రంగాన్ని బట్టి మారడం చిన్న విషయం కాదు. లెక్కల వాళ్లు ఒక పేపర్ కింద పదో ఇరవయ్యో రిఫరెన్సులు ఇస్తారు, బయాలజీ వాళ్లు యాభై అరవై ఇస్తారు. ఊళ్లో ఎంతమంది చదివింపులు చదివిస్తే అంత కట్నం పోగవుతుంది, అందులో పెళ్లికొడుకు గొప్పతనమేముంది? ఇక రచయితల సంఖ్య. 2015లో హిగ్స్ బోసాన్ బరువు మీద సెర్న్‌లో రెండు బృందాలు కలిసి ఒక పేపర్ వేశాయి. రచయితలు 5,154 మంది. పేపర్ మొత్తం 33 పేజీలైతే, అందులో 24 పేజీలు పేర్లూ వాళ్ల సంస్థలూనే. ఆ పేపర్‌ని ఎవరు సైట్ చేసినా 5,154 మందికీ తలా ఒక ప్లస్ వన్. అసలు ఆ కణం పేరు ఎవరి మీద పెట్టారో ఆ పీటర్ హిగ్స్ 1964 తర్వాత రాసిన పేపర్లు పది లోపే. 2013లో నోబెల్ వచ్చినప్పుడు గార్డియన్ పత్రికతో ఆయనే అన్నాడు, ఈ కాలంలో అయితే తనకి యూనివర్సిటీలో ఉద్యోగమే దొరికేది కాదని.

ఇంక మనవాడి దగ్గరికి వస్తాను. నేను ఈ ఎపిసోడ్ కోసం చదివినవాటిలో ఎక్కువ సేపు ఆగిపోయింది ఇక్కడే.

యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. స్కూల్లో మనందరం ఒక పేరాలో చదివేసిన మనిషి. 1920లలో హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కే ల్యాబ్‌లో పని చేశారు. 1925లో ఇద్దరూ కలిసి ఒక పేపర్ వేశారు, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చూసి కొలిచే పద్ధతి. నీలం రంగు ఎంత చిక్కగా వస్తే అంత ఫాస్ఫరస్. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు. బయోకెమిస్ట్రీలో ఇది ఇంటి సామాను లాంటిది. ఎవరు ఫాస్ఫరస్ కొలిచినా "ఫిస్కే, సుబ్బారావు పద్ధతిలో కొలిచాం" అని ఒక వాక్యం రాసి ఒక సైటేషన్ ఇవ్వాల్సిందే. అలా దశాబ్దాల తరబడి వేలకి వేలు వచ్చాయి. ఇలాంటి పద్ధతి పేపర్లకే సైటేషన్లు ఎక్కువ పడతాయి. 2014లో నేచర్ పత్రిక లెక్క తీస్తే, మొత్తం సైన్స్‌లో అన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లున్నది 1951లో ఆలివర్ లౌరీ ప్రొటీన్ కొలవడం మీద రాసిన పేపర్. మూడు లక్షల పైన. అదేమంత గొప్ప పేపర్ కాదని లౌరీయే ఒప్పుకున్నాడు.

సరే, సుబ్బారావు గారి తర్వాతి జీవితం చూడండి. హార్వర్డ్ ఆయన్ని పర్మనెంట్ చెయ్యలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌కి వెళ్లిపోయారు. అక్కడ ఆయన నడిపిన బృందాలు ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేశాయి. దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్ అక్కణ్ణుంచే వచ్చింది. దాంతోనే 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యూకేమియా వచ్చిన పసిపిల్లలకి కొన్ని నెలలైనా ఊపిరి పోయగలిగాడు. కీమోథెరపీ చరిత్రలో ఆ పేపర్‌ది మొదటి వరస. ఆ పేపర్ రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. ఆ మందుకి తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ కీళ్లవాతానికి కూడా ఇస్తారు, మీ ఇంట్లో ఎవరో ఒకరు వాడుతూ ఉండొచ్చు. ఇంకొకటి, డీఈసీ. గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. బోదకాలు రాకుండా హెల్త్ వర్కర్లు ఇంటింటికీ వచ్చి, మన ఎదురుగానే నిలబడి మింగించిన మాత్ర. అదీ లెడర్లీలో ఆయన కింద జరిగిన పనే. భీమవరం నుంచి వెళ్లిన మనిషి చేసిన మందు చుట్టూ తిరిగి భీమవరం చుట్టుపక్కల ఊళ్లకి చేరింది. మా అమ్మమ్మ ఆ మాత్ర తలుచుకుంటే తల తిరుగుతుందనేది. దాని వెనక ఎవరున్నారో ఆవిడకి తెలీదు, నాకూ మొన్నటిదాకా తెలీదు.

ఇప్పుడు కౌంటర్ పెట్టి ఆయన్ని కొలవండి. నీలం రంగు పద్ధతి దగ్గర అంకె వేలల్లో వెలుగుతుంది. పిల్లల ల్యూకేమియా పేపర్ దగ్గర సున్నా. ఆ మాత్ర మింగిన అమ్మమ్మలు రిఫరెన్స్ లిస్టు రాయరు కదా.

సి. ఆర్. రావు గారిది ఇంకో రకం. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన మనిషి. 1945లో కలకత్తా మేథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపర్ రాశారు, అప్పటికి వయసు పాతికేళ్లు. స్టాటిస్టిక్స్‌లో క్రామర్-రావు బౌండ్ అని చదువుతామే, అది ఆ పేపర్‌లోదే. 2023లో 102 ఏళ్ల వయసులో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. అది ఎంత ప్రాథమికం అయిపోయిందంటే, వాడేవాళ్లలో చాలామంది అసలు పేపర్‌ని సైట్ చెయ్యరు. పేరు చెప్తే చాలు. గ్రావిటీ అన్నప్పుడల్లా న్యూటన్ పుస్తకం పేరు కింద రాస్తామా?

సరే, నిజాయితీగా ఉన్నవాళ్ల దగ్గరే ఈ నెంబరు ఇన్ని తిప్పలు పడితే, దాన్ని పెంచాలని కూర్చుంటే ఏమవుతుంది?

నా సొంత బాగోతం చెప్తాను. బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టుని మా బ్యాచ్ నలుగురం పేపర్‌గా వేశాం. ఒక "ఇంటర్నేషనల్ జర్నల్" వాడు పదిహేను వందలు తీసుకుని రెండు రోజుల్లో యాక్సెప్ట్ చేశాడు. ఎవరైనా చదివారా అంటే, టైటిల్‌లో స్పెల్లింగ్ తప్పు ఇప్పటికీ అలాగే ఉంది. దానికి ఏడు సైటేషన్లున్నాయి. ఏడూ మా కాలేజీ జూనియర్లవే, "సీనియర్ల పేపర్లు రిఫరెన్సులో పెట్టండి" అని గైడ్ చెప్తే పెట్టినవి. అంటే నా హెచ్-ఇండెక్స్ ఒకటి. మా సార్‌కీ నాకూ తేడా రెండే.

2010లో ఫ్రాన్స్‌లో సిరిల్ లాబే అనే కంప్యూటర్ సైన్స్ ఆయన దీన్ని పరీక్ష కింద చేసి చూపించాడు. ఐక్ ఆంట్‌కేర్ అని లేని మనిషిని పుట్టించాడు. ఎంఐటీ స్టూడెంట్లు సరదాకి చేసిన సైజెన్ అనే ప్రోగ్రామ్‌తో అర్థంపర్థం లేని పేపర్లు ఓ వంద తయారుచేసి, అన్నీ ఒకదాన్నొకటి సైట్ చేసుకునేలా పెట్టాడు. గూగుల్ స్కాలర్ ప్రకారం ఆ లేని మనిషి హెచ్-ఇండెక్స్ 94. 2024లో ఇద్దరు పరిశోధకులు ఇదే పని ఒక పిల్లి పేరు మీద చేశారు. లారీ అనే పిల్లికి పన్నెండు పేపర్లు, హెచ్-ఇండెక్స్ 11. మా సార్‌ని పిల్లి దాటేసింది.

నవ్వుకున్నాం గానీ, 2019లో నేచర్ ఒక విశ్లేషణ వేసింది. చెన్నైలో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేసే ఒకాయన సైటేషన్లలో 94 శాతం ఆయనవో, ఆయన సహరచయితలవో. ఇది అబద్ధం కాదు, నేరం కూడా కాదు. నెంబరు అడిగారు, నెంబరు వచ్చింది. మన దగ్గర 2010లో యూజీసీ ప్రొఫెసర్ల ప్రమోషన్లకి ఏపీఐ అని పాయింట్ల పద్ధతి తెచ్చింది. పేపర్‌కి ఇన్ని పాయింట్లు అనగానే డబ్బులకి పేపర్లేసే జర్నళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. 2018లో యూజీసీయే తన ఆమోదించిన జాబితాలోంచి 4,305 జర్నళ్లను ఒక్క దెబ్బకి పీకేయాల్సి వచ్చింది.

వాళ్లని అనడానికి నేనెవర్ని? నేను పనిచేసిన ఒక కంపెనీలో ఎవరెన్ని టికెట్లు క్లోజ్ చేశారో డ్యాష్‌బోర్డు మీద పెట్టడం మొదలెట్టారు. రెండు వారాలు తిరక్కుండా అందరం ఒక్కో బగ్‌ని మూడు టికెట్లుగా కొయ్యడం నేర్చుకున్నాం. బటన్ రంగులు మార్చి నేను ఒక నెల ఫస్టొచ్చాను. మూడు వారాలు కూర్చుని ఒక మెమరీ లీక్ పట్టిన సీనియర్ అక్కకి ఆ నెల లెక్క ఒకటి. ఆ లీక్ పట్టకపోతే సర్వర్లు ప్రతి సోమవారం పడిపోయేవి.

ఇక్కడిదాకా విని కామెంట్లలో "నెంబర్లు తీసేయాలి అన్నా" అని రాయబోయేవాళ్లు కాస్త ఆగండి. సుబ్బారావు గారికి హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వనప్పుడు ఏ హెచ్-ఇండెక్సూ లేదు. మనుషులే కూర్చుని తేల్చారు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్కే బయటికి రానివ్వలేదని, వాటిని వేరేవాళ్లు ఏళ్ల తర్వాత మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని, ఆయనతో పనిచేసి తర్వాత నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ చెప్పాడు. మనుషుల తీర్పు అంటే అదీ ఉంటుంది.

మన దగ్గర సంగతి మీకు తెలుసు. కమిటీ అంటే ఎవరి మనిషి, ఏ కులం, ఏ మంత్రి గారి లెటర్. ఎవరి అండా లేని ఊరి పిల్లకి "నాకు ఇన్ని పేపర్లున్నాయి, ఇంతమంది వాడుకున్నారు" అని టేబుల్ మీద పెట్టడానికి ఒక కాగితం ఉండాలి. నెంబరు ఆ కాగితం. పీహెచ్‌డీ చేస్తున్న ఒక చెల్లి నాకు మెయిల్ రాసింది: "అన్నా, నా హెచ్-ఇండెక్స్ లేకపోతే ఆ ఇంటర్వ్యూకి నన్ను పిలిచేవాళ్లే కాదు." దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ అమ్మాయి చెప్పింది నిజం.

అయితే పిలవడం వేరు, తేల్చడం వేరు. మూడొందల అప్లికేషన్లలోంచి ముప్ఫై తియ్యడానికి నెంబరు వాడారంటే అర్థం చేసుకోగలను, అక్కడ కూడా ఒకే రంగం వాళ్లని, ఒకే వయసు వాళ్లని పక్కపక్కన పెట్టి చూస్తే. ఇద్దరే మిగిలాక కూడా నెంబరే తేలిస్తే, ఇంక కమిటీకి టీ, బిస్కెట్లు ఎందుకు? నా లీట్‌కోడ్ కోడ్ ఇస్తాను, ఐదు లైన్లు, వాళ్లకన్నా త్వరగా తేలుస్తుంది.

వేరే దారి చూసినవాళ్లున్నారు. 2012 చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొంతమంది ఎడిటర్లు, పబ్లిషర్లు కూర్చుని డోరా అనే ప్రకటన తయారుచేశారు. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనిషిని కొలవొద్దు, పని చూడండి అని. హైదరాబాద్‌లో ఆఫీసున్న ఇండియా అలయన్స్, బయాలజీ రిసెర్చ్‌కి ఫెలోషిప్‌లు ఇచ్చే సంస్థ, అది కూడా సంతకం చేసింది. నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్ యూనివర్సిటీ 2021లో ఉద్యోగాలకి, ప్రమోషన్లకి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూడటం మానేస్తామంది. కొన్నిచోట్ల "మీ అన్ని పేపర్లూ వద్దు, మీకు మంచివనిపించిన మూడో నాలుగో ఇవ్వండి, అందులో మీరు చేసిందేంటో రాయండి" అని అడుగుతారు. నాకు ఇది నచ్చింది. మూడు పేపర్లంటే కమిటీకి చదవక తప్పదు, చదవలేదంటే మొదటి ప్రశ్నలోనే దొరికిపోతారు. ఖర్చు లేదా అంటే ఉంది. టైం. పేపర్ చదవడానికి ఒక పూట పడుతుంది, నెంబరు చదవడానికి ఒక సెకను.

హిర్ష్ సంగతి చెప్పడం మర్చిపోయాను. 2020లో ఆయనే రాశాడు, ఈ హెచ్-ఇండెక్స్ దారుణంగా దెబ్బతినే సందర్భాలున్నాయని, తను అనుకోని చెడు కూడా చేస్తుందని. తన రంగంలో అందరూ ఒప్పుకున్న సిద్ధాంతానికి ఎదురు రాసేవాళ్ల పేపర్లని ఎవరూ సైట్ చెయ్యరని ఆయన బాధ. ఆయన అలా ఎదురు రాసేవాళ్లలో ఒకడు.

ఈ స్క్రిప్ట్ అయ్యాక సార్‌కి పంపించాను. "పిల్లి దగ్గర మరీ ఎక్కువ చేశావురా" అన్నారు. సరే సార్, మీకు మంచిదనిపించిన పేపర్ ఒకటి నాకు పంపండి అన్నాను. పంపారు. పదకొండు పేజీలు. కరెంటు పోయి మధ్యలో ఆగిపోయిన ఫైల్‌ని డిస్కు మీద మళ్లీ ఎలా సరిచెయ్యాలి అన్నది విషయం. నాలుగేళ్లు ఇండస్ట్రీలో పనిచేసినవాణ్ణి, మూడు సాయంత్రాలు పట్టింది, సగం అర్థమైంది. ఆరో పేజీలో ఒక బొమ్మ దగ్గర డౌటొచ్చి సార్‌కి రాశాను. "ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదురా, చూసి చెప్తాను" అని జవాబిచ్చారు. ఇంకా చెప్పలేదు.

వచ్చే వారం వేరే సంగతితో కలుద్దాం.